జట్టు విడుచుట ద్రోహమా?

ఆటలయందు కొన్ని జట్లు ఒకటి రెండేండ్లు గెలిచి మఱుగుపడును. కొన్ని మాత్రము పదియేండ్లు, పదునైదేండ్లు ఎదురులేక వెలుగొందును. అట్టివానిని ఆంగ్లేయులు రాజవంశములతో పోల్చి చెప్పుదురు. మనము వాని కాలమును "ఏలుబడి" యనవచ్చును. ఒక జట్టు ఏలుబడి దేనివలన నిలుచును, దేనివలన కూలును, అందలి ఆటగాండ్రు వేఱొక జట్టునకు పోయినప్పుడు వారిని మనమేమనవలెను అను ప్రశ్నలు మన విద్యార్థులలో ఇప్పుడు తఱచుగా వినబడుచున్నవి. కబడ్డీ వేలము జరిగిన మఱునాడు ఎనిమిదవ తరగతికి లెక్కలు చెప్పుట కష్టమని మా సహోపాధ్యాయులొకరు నవ్వుచు ననిరి. నిన్నటివఱకు తాము మెచ్చిన వీరుడు పరజట్టు చొక్కా తొడిగినంతనే బాలురు వానిని "అమ్ముడుపోయినవాడు" అని దూషించుచున్నారు. ఆ మాట న్యాయమగునో కాదో విచారించుటకు తెలుగునాటనే యొక గొప్ప నిదర్శనము కలదు. అది హైదరాబాదు నగర పోలీసు ఫుట్‌బాల్ జట్టు చరిత్ర.

ఈ జట్టు పేరు నేటి బాలురలో పదిమందికైనను తెలియదు. కాని 1950 మొదలు 1963 వఱకు భారతదేశమున ఫుట్‌బాల్ మాట వచ్చిన చోటనెల్ల దాని పేరు మ్రోగుచుండెను. ఆ కాలమున మన దేశమందు పెద్దపోటీలనదగినవి కొన్ని కలవు. 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండు కప్పు ఒకటి. 1891లో బొంబాయిలో మొదలైన రోవర్సు కప్పు మఱియొకటి. ఈ రోవర్సు కప్పును హైదరాబాదు పోలీసులు 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదు సంవత్సరములు గెలిచిరి. అంతటితో నాగక 1957లోను, పిమ్మట ఆంధ్రప్రదేశ్ పోలీసుజట్టను పేరుతో 1960, 1963 సంవత్సరములలోను గెలిచిరి. 1962లో కలకత్తా ఈస్టుబెంగాలు జట్టుతో కప్పును పంచుకొనిరి. డ్యూరాండు కప్పు వారికి 1950, 1954, 1957, 1961 సంవత్సరములలో దక్కెను. రాష్ట్రములు పోటీపడు సంతోష్ ట్రోఫీని సయితము హైదరాబాదువారు 1956-57లోను, 1957-58లోను వెంటవెంట గైకొనిరి. బొంబాయి, కలకత్తా నగరములందలి ధనికుల క్లబ్బులు పలుమార్లు ఈ కానిస్టేబుళ్ల చేతిలో ఓడినవి.

ఈ యేలుబడికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీముగారు. ఆయన 1909లో హైదరాబాదులో జన్మించెను. వృత్తిచేత బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు పాఠశాలలలో బోధించి, వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, తరువాత నగరములోని ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై ఆటను చక్కదిద్దెను. నాబోటి వాడు ఈ సంగతిని కొంత గర్వముతో చెప్పినను పాఠకులు క్షమింతురుగాక. ఆయన పద్ధతులు ఉపాధ్యాయుని పద్ధతులే. బంతిని తన కాలివద్దనే యుంచుకొని ఒంటిగా దొరలించుకొనిపోవు అలవాటును మాన్పించుటకై, అట్లు దొరలించుట నిషేధింపబడిన పోటీలను ఏర్పఱచెను. కుడికాలివాటము గలవారు ఎడమకాలితోనే ఆడవలయునను పోటీలను గూడ జరిపించెను. బలహీనమైన అక్షరములను మఱల మఱల వ్రాయించు పంతులును ఇది మనకు జ్ఞప్తికి తెచ్చును. వచ్చిన బంతిని ఒక్క తాకుతో తోడివానికందించి తాను ఖాళీచోటికి పరుగెత్తుటయే ఆయన జట్టుయొక్క బలము.

1950 మొదలు 1963 జూను 11వ తేదీన పుప్పుసపు రాచపుండుచే మరణించువఱకు ఆయన పోలీసుజట్టునకును, భారతజట్టునకును శిక్షకుడుగా నుండెను. ఆ పదమూడేండ్లలో భారతజట్టు 1951లో ఢిల్లీ యందును, 1962లో జకార్తా యందును ఆసియా క్రీడల స్వర్ణపతకమును గెలిచినది. 1956లో మెల్బోర్ను ఒలింపికు క్రీడలలో నాలుగవ స్థానమును పొందినది. ఆ మెల్బోర్ను జట్టులో అజీజు, నూర్ మహమ్మదు, జుల్ఫికరుద్దీను, తులసీదాసు బలరాం మొదలగు హైదరాబాదు వారు పలువురుండిరి. 1962కు పిమ్మట భారతదేశము ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణమును మఱల చూడలేదు.

ఇక ముఖ్యమైన ప్రశ్న. ఇంతటి నేర్పరులు ఒక్క జట్టునందే అన్నియేండ్లు ఎట్లు నిలిచిరి? వారు మనకంటె సత్పురుషులు గనుక నిలిచిరని చెప్పుట సులభము. పెద్దలు సాధారణముగా అట్లే చెప్పుదురు. నేనట్లు తలపను. వారిని పట్టియుంచిన త్రాళ్లు మూడు పేటలు గలవి. మొదటిది ఉద్యోగము. పోలీసుశాఖలో చేరినవానికి నెలజీతము, దుస్తులు, వృద్ధాప్యమున పింఛను కలవు. పేదయింటి బాలునికి ఆ దినములలో అంతకంటె గట్టి ఆధారము దొరకుట యరుదు. ఆటలో కాలు విరిగినను కొలువు విఱుగదు. రెండవది ఊరు. ఆటగాండ్రలో పెక్కుమంది ఆ జంటనగరములందే పుట్టి, ఆ మైదానములందే పెరిగినవారు. మూడవది గురువు. తన్ను పేరుపెట్టి పిలిచి, తన తప్పును తన యెదుటనే దిద్దువాడు ఒక్కడుండిన యెడల మనుష్యుడు కొంత తక్కువ కూలికైనను అచ్చటనే యుండును. ఈ మూడు పేటలలో ఏది తెగినను త్రాడు పలుచనగును. మూడును తెగిన నాడు విశ్వాసమును గూర్చి యెన్ని ఉపన్యాసములు చేసినను జట్టు నిలువదు.

ఆ త్రాటిని మొదట లాగినది కలకత్తా నగరము. అచ్చట మోహన్ బగాను, ఈస్టుబెంగాలు, మహమ్మదన్ స్పోర్టింగు అను మూడు క్లబ్బులకు లక్షలాది అభిమానులు కలరు. వారి కోరిక తీర్చుటకు బెంగాలు ఆటగాండ్రు చాలక క్లబ్బులవారు దక్షిణదేశముపై కన్ను వేసిరి. ఈస్టుబెంగాలు జట్టు 1949, 1950, 1951 సంవత్సరములలో వరుసగా ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచినప్పుడు దాని ముందువరుసలో నాడిన అప్పారావు, ధనరాజు, వెంకటేశు, అహమ్మదు ఖాను, సాలేయను ఐదుగురిని జనులు "పంచపాండవులు" అని పిలిచిరి. ఐదుగురును దక్షిణాదివారే. పాండవులని పేరు, పుట్టినది మాత్రము వేర్వేఱు ఇండ్లలో. కనుక ఏలుబడి యనునది ఒక్క ఊరి రక్తముతోనే కట్టబడునని చెప్పుటకు వీలులేదు.

అప్పటి నియమముల ప్రకారము ఆటగాండ్రందఱును వేతనము లేని వినోదక్రీడాకారులే. వాస్తవమున క్లబ్బులు తెరచాటున డబ్బిచ్చుచుండెను. ఏటేట బదిలీల కాలము వచ్చినప్పుడు ఆటగాడు సంఘపు కార్యాలయమునకు పోయి తాను చేరబోవు క్లబ్బు పేరున సంతకము చేయవలెను. ఆ సంతకము పడువఱకు ప్రత్యర్థులు వానిని ఎత్తుకొనిపోవుదురేమో యని క్లబ్బువారు ఆటగాండ్రను రహస్యముగా దాచియుంచుటయు కలదు. పెండ్లికుమారుని దాచినట్లే! ఈ తంతు విన్న బాలురకు నవ్వు వచ్చును. కాని బహిరంగముగా ఇచ్చిపుచ్చుకొను ధనముకంటె చాటుగా చేతులు మారు ధనమే మనుష్యుని ఎక్కువగా చెఱచునని నా యభిప్రాయము. నేటి వేలమునందు ఎంత సొమ్ము చేతులు మారెనో లోకమునకు తెలియును. అంతవఱకు అది మేలు.

తులసీదాసు బలరాం చరిత్ర ఇచ్చట చెప్పదగినది. ఆయన 1936లో సికింద్రాబాదువద్ద అమ్ముగూడలో తమిళకుటుంబమున పుట్టెను. రహీముగారి కన్ను పడి హైదరాబాదు జట్టులో రాణించి, 1957లో ఈస్టుబెంగాలుకు పోయెను. 1961లో ఆ జట్టునకు నాయకుడై కలకత్తా లీగు గెలిపించెను. 1962లో జకార్తాలో స్వర్ణము గెలిచిన జట్టులో నుండెను. 1963లో రైల్వేవారి బి.ఎన్.ఆర్. జట్టున చేరెను. బెంగాల్ నాగపూర్ రైల్వే యను ఆ పేరు వాల్తేరు స్టేషను ఎఱిగిన మన పెద్దలకు క్రొత్తది కాదు. ఆ సంవత్సరమే అనారోగ్యముచేత, ఇరువదియేడేండ్లకు లోపలనే, ఆట విడువవలసి వచ్చెను. పిమ్మట బెంగాలు దేశముననే నిలిచి 2023 ఫిబ్రవరిలో పరలోకగతుడయ్యెను. ఇట్టివానిని హైదరాబాదునకు ద్రోహి యనుటకు నోరాడునా? ఆటగాని యాయుష్షు పదియేండ్లు. అందులో సగము వ్యాధిచే పోయినను అడుగువాడు లేడు. ఆ పదియేండ్లలోనే వాడు తక్కిన నలువదియేండ్ల బ్రదుకునకు కావలసినది కూడబెట్టుకొనవలెను.

రహీముగారు పోయిన తరువాత పోలీసుజట్టు వెలుగు క్రమముగా తగ్గిపోయెను. గురువు లేడు, పెద్ద ఆటగాండ్రు వయస్సు చెల్లినవారైరి, చిన్నవారికి కలకత్తా దారి తెలిసిపోయెను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచినది. అదియే ఆ దీపపు కడపటి పెద్దవెలుగు. ఆ దినములలో హైదరాబాదునుండి కలకత్తాకు పోయినవారిలో మహమ్మదు హబీబు, సయ్యద్ నయీముద్దీను ముఖ్యులు. 1970లో బాంకాకు ఆసియా క్రీడలలో నయీముద్దీను నాయకత్వమున భారతజట్టు కాంస్యపతకము తెచ్చినది; హబీబు గూడ ఆ జట్టులో నాడెను.

హబీబును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. ఆయన పలుమార్లు ఉద్యోగమిత్తుమన్నను వలదని, ఫుట్‌బాల్ ఆటయే తన వృత్తియని జీవించినవాడు. అందుచేతనే ఆయనను భారతదేశపు మొదటి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడని పలువురు చెప్పుదురు. కలకత్తాలోని మూడు పెద్దజట్లకును ఆడెను. ఒకదానినుండి యొకదానికి పోయి, మఱల తిరిగి వచ్చెను. లెక్కకు చూచిన ఈయనకంటె జట్లు మార్చినవాడు తక్కువ. అయినను మూడు జట్లవారును ఆయనను గౌరవముతో "బడే మియా" అని పిలిచిరి. కారణమేమి? ఏ చొక్కా తొడిగినను ఆ చొక్కాకు కొఱత పెట్టలేదు. 1970 నుండి 1975 వఱకు ఈస్టుబెంగాలు వరుసగా ఆఱు లీగులు గెలిచిన ఏలుబడిలో ఆయన పాలు గొప్పది. 1977 సెప్టెంబరు 24వ తేదీన ఈడెను తోటలో పెలే ఆడిన న్యూయార్కు కాస్మాసు జట్టు మోహన్ బగానుతో రెండేసి గోలులతో సమముగా నిలిచినప్పుడు, మోహన్ బగాను పక్షమున ఒక గోలు వేసినవాడు హబీబే. నిన్న ఒకరికి ఆడినవాడు నేడు వారి ప్రత్యర్థికి ఆడుచు ఇద్దఱిచేతను నమ్మకస్థుడనిపించుకొనుట సాధ్యమని దీనివలన తెలియుచున్నది. పోలీసుజట్టు వారి విశ్వాసము బ్రదుకంతటికి చెందినది. హబీబు విశ్వాసము ఒడంబడిక ఉన్నంతకాలము సంపూర్ణముగా నుండునది. రెండును విశ్వాసములే. రెండవదానిని తక్కువ చేయుట మనకు అలవాటైన తప్పు.

ఇది ఫుట్‌బాల్‌కే చెందిన సంగతి కాదు. తెలుగుకుటుంబమున నాగపూరులో పుట్టిన కొఠారి కనకయ్య నాయుడుగారు, అనగా సి.కె. నాయుడు, ఇందూరు హోల్కారు మహారాజు కొలువులో చేరి ఆ జట్టును నడిపెను. ఆ హోల్కారు జట్టు 1944-45 మొదలు పదునొకండేండ్లలో పదిసార్లు రంజీ కప్పు తుదిపోటీకి చేరి, నాలుగుసార్లు గెలిచినది. మన విజయనగరపు మహారాజకుమారుడు 1930-31లో తన సొంత జట్టుకు హాబ్సు, సట్‌క్లిఫ్ అను ఆంగ్లవీరులను రప్పించెను. అప్పుడు ఆటగాడు ప్రభువు ఉప్పు తిని ప్రభువుకు ఆడెను. ప్రభువులు పోయిరి, వారి జట్లును పోయినవి. నాయుడుగారు తరువాత ఆంధ్రజట్టునకు, అటుపిమ్మట ఉత్తరప్రదేశ్ జట్టునకు ఆడినప్పుడు ఆయనను ఎవరును నిందింపలేదు.

విద్యాసంస్థలలో సంగతి ఎట్లున్నదో తెలిసికొనుటకు అమెరికా దేశమును చూడవలెను. అచ్చట కళాశాలల ఆటలే ప్రజలకు పెద్దపండుగలు. అందును బాస్కెట్‌బాల్ మన మిషను పాఠశాలలకు దగ్గరచుట్టము. 1891లో క్రైస్తవ యువజన సంఘమువారి శిక్షణపాఠశాలలో నైస్మిత్‌ గారు కనిపెట్టిన ఆట యది. లాసేంజలసు నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు జట్టు జాన్ వుడెన్ శిక్షణలో 1964 నుండి 1975 వఱకు పండ్రెండేండ్లలో పదిసార్లు దేశవిజేతయైనది; 1967 నుండి 1973 వఱకు వరుసగా ఏడుసార్లు. వుడెన్ గారు 1910లో జన్మించెను. ఆయనయు మొదట ఉన్నతపాఠశాలలో ఆంగ్లము బోధించిన పంతులే! రహీముగారికంటె ఒక్క యేడు చిన్న. ఆ దినములలో ఒక కళాశాలనుండి వేఱొకదానికి పోయిన విద్యార్థి ఒక సంవత్సరము ఆడక కూర్చుండవలెను. ఆటకు ధనము తీసికొనరాదు. కాబట్టి చేరినవాడు చేరినచోటనే చదువు ముగియువఱకు నుండెను. 2021లో ఆ కట్టు సడలింపబడినది. ఒకమారు కళాశాల మాఱినవాడు వెంటనే ఆడుటకు అప్పుడు అనుమతి కలిగెను. తన పేరు, బొమ్మ వాడుకొన్న వర్తకులనుండి ధనమును పుచ్చుకొనవచ్చును. 2025 నుండి కళాశాలలే ఆటగాండ్రకు నేరుగా సొమ్ము నిచ్చుటకు అనుమతి కలిగినది. ఇప్పుడు అచ్చటి విద్యార్థులు ఏటేట గుంపులు గుంపులుగా కళాశాలలు మార్చుచున్నారు. శిక్షకుల జీతములు కోట్లకు చేరినప్పుడు ఊరకుండి, బాలుడు నాలుగు డబ్బులు చూచినప్పుడు మాత్రము విశ్వాసము చెడెనని విలపించుట న్యాయము కాదని నాకు తోచును. అయితే, మూడేండ్లలో మూడు కళాశాలలు తిరిగిన వాని చదువు ఏమగునను ప్రశ్న మాత్రము మిగిలియే యున్నది. ఉపాధ్యాయుడనుగనుక నేనా ప్రశ్నను విడువజాలను.

మన బాలురకు మిక్కిలి దగ్గరైనది కబడ్డీ. 2014లో వృత్తి కబడ్డీ లీగు పుట్టినప్పటినుండి తెలుగు టైటన్సు జట్టునకు విశాఖపట్టణము ఒక నివాసస్థానము. రాహుల్ చౌధరి ఆ జట్టున ఆఱు ఋతువులు ఆడి, 2019లో తమిళ తలైవాస్ జట్టుకు పోయెను. అప్పుడు మన యూరిలో కొందఱు బాలురు కన్నీరు పెట్టుకొనిరి. కాని వేలమనగా నేమో యోచింపుడు. అందు ఆటగాడు తన పేరు నమోదు చేసికొనును. ఎవరు తన్ను కొందురో నిశ్చయించుకొను హక్కు వానికి లేదు. పాతజట్టు వలదనుకొన్నను, కొనదలచి సొమ్ము చాలకున్నను, వాడు పోక తప్పదు. 2023లో పవన్ సెహ్రావత్ రెండుకోట్ల అఱువదిలక్షలకు మించిన ధరకు టైటన్సుకు వచ్చినప్పుడు మనము చప్పట్లు కొట్టితిమి. వచ్చువానికి చప్పట్లును, పోవువానికి తిట్లును! ఇది తూకము సరియైన త్రాసు కాదు.

ఒక్కొక్కప్పుడు పోవునది ఆటగాడు కాదు, జట్టే. 2019లో పుట్టిన హైదరాబాదు ఎఫ్.సి. 2022 మార్చి 20వ తేదీన గోవాలో కేరళ జట్టును ఓడించి భారత ఫుట్‌బాల్ లీగును గెలిచినది. రహీముగారి నగరమునకు మఱల దినములు వచ్చెనని వృద్ధులు సంతసించిరి. రెండేండ్లు తిరుగకమున్నే జీతముల బాకీలచేత ఆటగాండ్రు చెదరిపోయిరి. 2025లో ఆ జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. ఇచ్చట ఎవరు ఎవరికి ద్రోహము చేసిరి? జీతము రాని యాటగాండ్రా? మన బాలుర తిట్లలో యజమాని పేరు ఎన్నడును వినబడదు.

కూర్మన్నపాలెములో నివసించు తలిదండ్రులకు ఈ విషయము వేఱుగా బోధింప నక్కఱలేదు. ఉక్కు కర్మాగారము వచ్చిన తరువాత ఇచ్చట చేరిన కుటుంబములలో అనేకులు శ్రీకాకుళమునుండియో, గోదావరి జిల్లాలనుండియో, ఇంకను దూరమునుండియో పనికొఱకు పుట్టినయూరు విడిచి వచ్చినవారే. వారిని ఎవరును ద్రోహులనలేదు, అనగూడదు. ఆ కొలువును నమ్ముకొని ముప్పదియేండ్లు ఒక్కచోటనే పనిచేసినవారికి పోలీసుజట్టు వారి మనస్సు బాగుగా తెలియును. ఒక్కయేడాది ఒడంబడికమీద కూలికి వచ్చి, ఎప్పుడు పొమ్మందురో తెలియక పనిచేయువారికి నేటి ఆటగాని మనస్సు తెలియును. గేటు ఒక్కటే.

క్రొత్తనిబంధన చదువువారికి ఇచ్చట ఒక సంగతి జ్ఞప్తికి రావచ్చును. పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక కడపటి యధ్యాయములో తన్ను విడిచిపోయిన దేమా పేరు చెప్పి దుఃఖించెను. అదే యధ్యాయములో మార్కును వెంటబెట్టుకొని రమ్మనెను. ఈ మార్కు పూర్వము పంఫూలియలో పౌలును విడిచి వెనుకకు పోయినవాడే. ఆ కారణముచేతనే పౌలు అతనిని మఱల తోడ్కొనిపోనని బర్నబాతో తగవుపడెను. ఒక్క అధ్యాయములో పోయినవారిద్దఱు; ఒకని పేరు నొప్పితో, ఒకని పేరు కోరికతో. విడిచిపోవుటలన్నియు ఒక్కటి కావు. ఎప్పుడు పోయెను, ఎందులకు పోయెను, ఏ పని సగములో విడిచెను అని చూడవలెను.

ఈ విచారణకు నన్ను పురికొల్పినది మన పాఠశాలలోని సంగతియే. మన జట్టులో బాగుగా నాడు బాలురను కొన్ని పాఠశాలలవారు రుసుము లేకుండ చేర్చుకొని, భోజనవసతులిత్తుమని పిలుచుచున్నారు. పంపవచ్చునా యని కొందఱు తలిదండ్రులు నన్నడిగిరి. వలదని నేను చెప్పను. కాని పంపకముందు అడుగవలసినవి కలవు. బాలునికి మోకాలు చెడిన యెడల ఆ సంవత్సరము వాని రుసుమెవరు కట్టుదురు? పరీక్షల నెలలో వానిని పోటీలకు త్రిప్పుదురా? మాట వ్రాతమూలముగా నిత్తురా, నోటిమాటగానేనా? వానికి నేర్పు శిక్షకుడు అచ్చట ఎన్నియేండ్లనుండి యున్నాడు? ఈ కడపటి ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. ఏలయన రహీముగారు పోయిన తరువాత పోలీసుకొలువు మాత్రము పోలీసుజట్టును నిలుపలేకపోయెను.

బాలునికి నేను చెప్పునది ఒక్కటే. జిల్లా పోటీలకు పేరిచ్చిన పిమ్మట, తోడివారు నీమీద ఆధారపడి సాధన చేసిన పిమ్మట, ఆ పోటీ ముగియువఱకు ఉండుము. దసరా సెలవులలో పొమ్ము, ఆటమధ్యను పోకుము. పాఠశాలవారమైన మనము చేయవలసినదియు ఒకటి కలదు. అట్టివాడు బదిలీపత్రము అడిగినప్పుడు నెలల తరబడి త్రిప్పక నాడే యిచ్చి పంపవలెను. వ్యాయామోపాధ్యాయుల గదిలో వ్రేలాడుచున్న విజేతల పలకమీద వాని పేరు నట్లే యుండనీయవలెను.